ఆపరేషన్ గాయానికి చీము పడితే: శాంపిల్ తీయడం దగ్గర్నుంచి రిపోర్టు చదవడం దాకా

ఆపరేషన్ అయిన ఐదో రోజో ఆరో రోజో డ్రెస్సింగ్ తడుస్తుంది. విప్పి చూస్తే కుట్ల పక్కన ఎర్రగా ఉంటుంది, నొక్కితే చీము వస్తుంది. కేస్ షీట్‌లో 'పస్ సీ అండ్ ఎస్' అని పడుతుంది, అంటే చీములోని బ్యాక్టీరియాను పెంచి (కల్చర్), ఏ మందుకు లొంగుతుందో (సెన్సిటివిటీ) చూసే పరీక్ష. మూడు రోజుల తర్వాత వచ్చే కాగితం మీద ఏ బ్యాక్టీరియా పేరు ఉంటుందన్నది, ఆ మాట రాసిన పది నిమిషాల్లో మంచం పక్కన జరిగే పనిని బట్టే ఉంటుంది. పైన కారుతున్న చీములో స్వాబ్ ముంచి పంపితే, ఆ చీములోనూ చర్మం మీదా ఉన్నవాటి పేర్లే ల్యాబ్ రాసిస్తుంది. లోపల కండను తింటున్నది వేరే కావచ్చు. రిపోర్టు తప్పని ల్యాబ్‌ను అనేముందు శాంపిల్ ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎంతసేపటికి పంపారు అని అడగండి. సగం సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇది వార్డుల్లో స్టాఫ్ నర్సులకు, హౌస్ సర్జన్లకు, జిల్లా స్థాయి ల్యాబ్‌లో కల్చర్ పని చూసే టెక్నీషియన్లకు.

కల్చర్ అవసరమేనా?

తెరిచి ఉన్న ప్రతి గాయం మీదా బ్యాక్టీరియా ఉంటుంది. అది ఇన్‌ఫెక్షన్ కాదు. ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో మీరు కళ్లతో చూసి, చేత్తో తాకి తేల్చాలి. దాన్ని తెచ్చిపెట్టింది ఏదన్నదే ల్యాబ్ చెబుతుంది. ఎరుపు చుట్టూ పాకుతోందా? తాకితే వేడిగా ఉందా? వాపూ నొప్పీ నిన్నటికంటే పెరిగాయా? చీము ఉందా, జ్వరం ఉందా? ఇవేవీ లేకుండా మామూలుగా మానుతున్న గాయానికి 'ఎందుకైనా మంచిది' అని స్వాబ్ పంపకండి. పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది. పెరిగింది కదా అని ఎవరో ఒకరు యాంటీబయాటిక్ రాస్తారు.

షుగర్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో ఎరుపు, జ్వరం అంతగా కనపడవు. వాళ్లలో గాయం మానడం ఆగిపోవడం, అడుగు కండ రంగు మారి ముట్టుకుంటేనే రక్తం రావడం, కొత్తగా దుర్వాసన, ఉన్నట్టుండి షుగర్ పెరిగిపోవడం గమనించండి.

తేదీ కూడా చూడండి. ఆపరేషన్ అయిన 30 రోజుల లోపు, ప్లేటు గానీ కృత్రిమ కీలు గానీ అమర్చిన కొన్ని ఆపరేషన్లలో 90 రోజుల లోపు వచ్చినదాన్ని ఆపరేషన్ గాయం ఇన్‌ఫెక్షన్ కిందే లెక్కిస్తారు. కాబట్టి మోకీలు మార్చిన రెండో నెలలో చీము పడితే 'అది బయట అంటుకున్నది' అని తోసేయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం కల్చర్ కోసం ఆగనే కూడదు. స్టెఫైలోకాకస్ చీము పట్టడానికి సాధారణంగా నాలుగైదు రోజులైనా పడుతుంది. మొదటి 48 గంటల్లోనే ఎక్కువ జ్వరం, గాయం కనపడేదానికి మించిన నొప్పి, పలచటి గోధుమరంగు నీరు, చర్మం కంచు రంగుకు తిరగడం, నొక్కితే చర్మం కింద చిటపటలాడడం ఉంటే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌నో, గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియంనో అనుమానించాలి. వెంటనే సర్జన్‌ను పిలవండి. ఆ నీటి చుక్కతో స్లైడ్ చేసి గ్రామ్ స్టెయిన్‌కి (రంగులద్ది మైక్రోస్కోపులో బ్యాక్టీరియాను చూసే పరీక్షకి) పంపండి. రోగి ఓటీకి వెళ్లడం మాత్రం దేనికోసమూ ఆగకూడదు.

ట్రేలో ఏం ఉండాలి

అప్పుడే తెరిచిన స్టెరైల్ నార్మల్ సెలైన్, స్టెరైల్ గాజ్ గుడ్డ పీసులు, స్టెరైల్ గ్లౌజులు, రెండు స్వాబులు, ఏమీస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం ట్యూబు, 5 మి.లీ. సిరంజీ, 18 లేదా 20 గేజ్ సూది, సిరంజీ నోటికి పెట్టే స్టెరైల్ మూత, మరమూత ఉన్న స్టెరైల్ డబ్బా, 70 శాతం ఆల్కహాల్, శుభ్రమైన గాజు స్లైడ్, లేబుళ్లు. స్వాబుల్లో దూది పుల్లల కంటే రేయాన్‌వి, నైలాన్ ఫ్లాక్డ్‌వి మేలు. దూదిలోని కొవ్వు ఆమ్లాలు కొన్ని సున్నితమైన బ్యాక్టీరియాను పెరగనివ్వవు.

ఫార్మలిన్ సీసా ఈ ట్రే దరిదాపుల్లో ఉండకూడదు. కల్చర్‌కి తీసిన కండ ముక్కను బయాప్సీకి పంపినట్టే ఫార్మలిన్‌లో వేసి పంపేస్తుంటారు. ఫార్మలిన్‌లో పడ్డ బ్యాక్టీరియా చస్తుంది, ముక్క వృథా అవుతుంది. కష్టపడి రోగి ఒంట్లోంచి తీసిన ముక్క అది, రెండోసారి తీయడం అంత తేలిక కాదు.

వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే శాంపిల్ తీయండి. అప్పటికే నడుస్తుంటే తర్వాతి డోసుకు కాస్త ముందు తీసి, ఏ మందు ఎన్ని రోజులుగా నడుస్తోందో ఫారంలో రాయండి. రోగి సెప్సిస్‌లోకి జారుతుంటే శాంపిల్ కోసం మందు ఆపకండి. బ్లడ్ కల్చర్ రెండు సెట్లు, సీసాకి 8 నుంచి 10 మి.లీ. రక్తంతో తీసి, వెంటనే మందు మొదలుపెట్టండి.

తెరిచి ఉన్న గాయం నుంచి స్వాబ్

ఇది లెవైన్ పద్ధతి, 1976 నుంచి వాడుకలో ఉంది. గాయమంతటా పాములా అటూ ఇటూ స్వాబ్ తిప్పే అలవాటు కంటే నమ్మదగినది.

1. చేతులు శుభ్రం చేసుకుని, పాత డ్రెస్సింగ్ విప్పి పారేసి, గ్లౌజులు మార్చండి.
2. పైనున్న చీము, పొలుసు, పాత ఆయింట్‌మెంట్ అంతా సెలైన్‌తో కడిగేయండి. స్పిరిట్, బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇప్పుడు వద్దు. ఎవరైనా ముందే బెటాడిన్ రాసి ఉంటే సెలైన్‌తో బాగా కడగండి.
3. అదనపు తడిని స్టెరైల్ గాజ్ గుడ్డతో అద్దేయండి.
4. నల్లగా చచ్చిన కండనూ పసుపు పచ్చటి స్లఫ్‌నూ వదిలేసి, ఎర్రగా బతికి ఉన్న కండ కనపడే చోటు ఎంచుకోండి. ఒక చదరపు సెంటీమీటరు చాలు.
5. కండ పొడిగా ఉంటే స్వాబ్ మొనను సెలైన్‌తో తడపండి.
6. లోపలి ద్రవం ఊరి పైకి వచ్చేంతగా నొక్కి, అక్కడే 5 సెకన్ల పాటు స్వాబ్‌ను గుండ్రంగా తిప్పండి. రోగికి నొప్పిగా ఉంటుంది, ముందే చెప్పండి.
7. గాయం అంచు చర్మానికి తగలకుండా స్వాబ్ తీసి ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో దించండి. అదే చోట రెండో స్వాబ్ కూడా తీయండి. అది గ్రామ్ స్టెయిన్‌కి.

చీమును కడిగేయడమేమిటి, అందులోనే కదా బ్యాక్టీరియా ఉండేది అని చాలామంది అడుగుతారు. గాలి తగిలి పైన నిలిచిన చీములో చచ్చిన కణాలే ఎక్కువ. చర్మం మీది బ్యాక్టీరియా, డ్రెస్సింగ్ నుంచి చేరినవి అందులోనే పెరుగుతుంటాయి. వ్యాధి కారకం కండలో ఉంటుంది. నొక్కి ఊరించిన ద్రవంలో అది దొరుకుతుంది.

మూసి ఉన్న గడ్డ

గడ్డ ఇంకా పగలకపోతే స్వాబ్ జోలికి పోకండి. చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆపైన క్లోర్‌హెక్సిడిన్ గానీ పోవిడోన్ అయోడిన్ గానీ రాసి, పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడ పగలని చర్మం మీద రాస్తున్నాం కాబట్టి యాంటీసెప్టిక్ తప్పనిసరి, తడి మీద గుచ్చితే మాత్రం ఉపయోగం లేదు. సూదితో చీము లాగండి. 1 మి.లీ. వచ్చినా స్వాబ్ కంటే ఎన్నో రెట్లు మేలు. స్వాబ్‌కు అంటుకునేది ఓ చుక్క, అందులోనూ కొంత దూదిలోనే చిక్కుకుపోతుంది.

సిరంజీలోని గాలి బుడగను స్టెరైల్ గాజ్ గుడ్డలోకి జాగ్రత్తగా వదిలేసి, సూదిని షార్ప్స్ డబ్బాలో వేసి, సిరంజీ నోటికి స్టెరైల్ మూత పెట్టి పంపండి. సూదితో సహా సిరంజీ పంపితే ల్యాబ్‌లో ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది. గాలి ఎందుకు తీయాలంటే, కడుపు ఆపరేషన్ల తర్వాత వచ్చే గడ్డల్లో బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ వంటి ఎనరోబ్‌లు ఉంటాయి, ఆక్సిజన్ తగిలితే చస్తాయి. చీము కుళ్లు కంపు కొడితే వాటినే మొదట అనుమానించాలి.

లోతు గాయం, షుగర్ పాదం, ఎముకలో ప్లేటు

ఇక్కడ కండ ముక్కే కావాలి. డెబ్రైడ్‌మెంట్ అయ్యాక, చచ్చిన కండ అంతా తీసేసిన తర్వాత, అడుగు నుంచి బియ్యపు గింజంతవి రెండు మూడు ముక్కలు కొత్త బ్లేడుతో లేదా క్యూరెట్‌తో తీయండి. అదే బ్లేడు వాడితే పైనున్నదంతా కిందికి చేరుతుంది. ముక్కలు స్టెరైల్ డబ్బాలో వేసి, ఎండిపోకుండా రెండు మూడు చుక్కల స్టెరైల్ సెలైన్ కలపండి. సైనస్ (లోపలి నుంచి చీము కారే సన్నటి దారి) నోటి నుంచి స్వాబ్ తీసి, ఎముకలో ఉన్నది ఇదేనని నమ్మడం పెద్ద పొరపాటు. రెండూ తరచుగా కలవవు.

ప్లేటు, రాడ్డు, కృత్రిమ కీలు చుట్టూ అయితే ఒక్క ముక్క చాలదు. వేర్వేరు చోట్ల నుంచి, ప్రతిదానికీ వేరే పరికరంతో ఐదు ముక్కలు, ఐదు డబ్బాల్లో పంపండి. కారణం ఇది: అక్కడ ఇన్‌ఫెక్షన్ తెచ్చేవాటిలో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ ముఖ్యమైనది, మన చర్మం మీద మామూలుగా ఉండేదీ అదే. ఒక్క డబ్బాలో పెరిగితే చర్మం నుంచి వచ్చిందనుకోవచ్చు. రెండు మూడు డబ్బాల్లో అదే పెరిగితే అది నిజం.

లేబుల్, ఫారం, ప్రయాణం

లేబుల్ డబ్బా మీద అంటించండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. రోగి పేరు, ఐపీ నంబరు, తేదీ, తీసిన సమయం ఉండాలి. ఫారంలో 'పస్' అని ఒక్క మాట రాస్తే ల్యాబ్‌కి ఏమీ తెలియదు. 'పొట్ట ఆపరేషన్ గాయం, కుడి పక్క, ఆరో రోజు, లోతు నుంచి స్వాబ్, సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులుగా' అని రాస్తే ఏ ప్లేట్లు వేయాలి, ఎన్ని రోజులు ఉంచాలి, దేన్ని పట్టించుకోవాలి అన్నీ వాళ్లకు అందులోనే దొరుకుతాయి.

రెండు గంటల్లో ల్యాబ్ చేరాలి. ఆలస్యం అవుతుందనుకుంటే ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో గది వేడిమిలో ఉంచండి, 24 గంటల దాకా ఫర్వాలేదు. ఎనరోబిక్ కల్చర్‌కి తీసిన చీమును ఫ్రిజ్‌లో పెట్టకండి. మీడియం లేని స్వాబ్ నర్సింగ్ స్టేషన్ బల్ల మీద మధ్యాహ్నం దాకా పడి ఉంటే స్ట్రెప్టోకాకస్, ఎనరోబ్‌లు ముందు చస్తాయి. స్టెఫైలోకాకస్, ఎసినెటోబాక్టర్ ఎండినా బతుకుతాయి. సిరంజీలో నిలవ ఉన్న చీములో ఇ. కోలై లాంటివి పెరిగి మిగతావాటిని కప్పేస్తాయి. ఇలాంటి శాంపిల్ నుంచి వచ్చిన రిపోర్టు చూడ్డానికి చక్కగానే ఉంటుంది, అందుకే ప్రమాదం.

ల్యాబ్‌లో మొదటి అరగంట: గ్రామ్ స్టెయిన్

స్వాబ్‌ను స్లైడ్ మీద రుద్దకండి, దొర్లించండి. రుద్దితే చీము కణాలు చితికిపోతాయి. ఆరాక మిథనాల్‌తో ఫిక్స్ చేస్తే కణాల ఆకారం చక్కగా నిలుస్తుంది. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం, కడిగి అసిటోన్ రెండు మూడు సెకన్లు, వెంటనే నీళ్లు, ఆపైన సాఫ్రనిన్ అర నిమిషం నుంచి నిమిషం. చాలా స్లైడ్లు చెడేది అసిటోన్ దగ్గరే. రెండు సెకన్లు ఎక్కువైతే ఊదాగా ఉండాల్సిన స్టెఫైలోకాకస్ గులాబీ రంగుకు తిరుగుతుంది.

ముందు తక్కువ పవర్‌లో కణాలు చూడండి. చీము కణాలు నిండుగా ఉండి, చర్మపు పొలుసు కణాలు తక్కువగా ఉంటే శాంపిల్ బాగుంది. పొలుసు కణాలే ఎక్కువగా ఉంటే అది చర్మం మీద తీసిన స్వాబ్. వార్డుకి ఫోన్ చేసి మళ్లీ పంపమనండి. ఇలా అడగడానికి మొహమాటపడే ల్యాబులు చర్మం మీది బ్యాక్టీరియాకు సెన్సిటివిటీ పెడుతూ కూర్చుంటాయి.

ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఊదా రంగు గుండ్రటివి గుత్తులుగా ఉంటే స్టెఫైలోకాకస్, గొలుసులుగా ఉంటే స్ట్రెప్టోకాకస్, జంటలుగానో పొట్టి గొలుసులుగానో ఉంటే ఎంటరోకాకస్ కూడా కావచ్చు. ఊదా రంగు లావు కడ్డీలు ఉండి, చీము కణాలు దాదాపు లేకుంటే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్. దాని విషం చీము కణాలను కరిగించేస్తుంది. స్లైడ్ ఖాళీగా ఉందని పక్కన పెట్టకుండా అదే క్షణం సర్జన్‌కి ఫోన్ చేయండి. గులాబీ కడ్డీలు గ్రామ్ నెగటివ్‌లు. పొట్టిగా, లావుగా, జంటలుగా ఉండి రంగు సరిగా వదలనివి ఉంటే ఎసినెటోబాక్టర్‌ను గుర్తు చేసుకోండి. అది ఊదాని పట్టుకుని ఉండి తరచుగా తప్పుదారి పట్టిస్తుంది.

స్లైడ్ ఫలితం అదే రోజు వార్డుకి చేరాలి. కల్చర్‌తో కలిపి మూడో రోజు ఇస్తే దాని ప్రయోజనం పోయినట్టే.

మర్నాడు పొద్దున ప్లేటు

బ్లడ్ అగార్, మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే పోషక ప్లేట్లు) రెండూ వేసి 35–37 డిగ్రీల సెల్సియస్‌లో 18 నుంచి 24 గంటలు ఉంచండి. పెరగకపోతే 48 గంటల దాకా ఉంచాలి. లోతు చీము, కండ ముక్క అయితే ఎనరోబిక్ జార్‌లో మరో బ్లడ్ అగార్ వేసి, 48 గంటల ముందు జార్ తెరవకండి. రాబర్ట్‌సన్ కుక్డ్ మీట్ బ్రాత్ ఒకటి వేసి ఉంచితే కొద్దిగా ఉన్నవి కూడా దొరుకుతాయి.

ఆపరేషన్ గాయాల్లో అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది స్టెఫైలోకాకస్ ఆరియస్. బ్లడ్ అగార్ మీద రెండు మూడు మిల్లీమీటర్ల నున్నటి గుండ్రటి కాలనీలు, లేత పసుపు నుంచి బంగారు రంగు దాకా, చాలావాటి చుట్టూ రక్తం కరిగిన తేట వలయం. కెటలేజ్ పరీక్షకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడండి, కాలనీతోపాటు అగార్ తగలకుండా చూడండి. ఎర్రరక్తకణాల్లోనూ కెటలేజ్ ఉంటుంది, అగార్ అంటితే స్ట్రెప్టోకాకస్ కూడా బుడగలు తెప్పిస్తుంది. ఆరియస్‌ను చర్మం మీది స్టెఫ్ నుంచి విడదీసే స్లైడ్ కోయాగ్యులేజ్ పరీక్ష నెగటివ్ వస్తే దాంతో ఆపకండి, ట్యూబ్ పరీక్ష పెట్టండి. ట్యూబును 4 గంటలకు తప్పకుండా చూడాలి. కొన్ని రకాలు ప్లాస్మాను గడ్డ కట్టించి, తర్వాత తామే కరిగించేస్తాయి. మర్నాడు మాత్రమే చూసేవాళ్లకు అది నెగటివ్‌గా కనపడుతుంది, ఆరియస్ కాస్తా చర్మం మీది స్టెఫ్‌గా రిపోర్టుకెక్కుతుంది.

మెకాంకీ మీద గులాబీగా, పొడిగా ఉంటే ఇ. కోలై, గులాబీగా జిగురు బొట్టులా లూప్‌కు సాగితే క్లెబ్సియెల్లా అని మొదటి అంచనా. పేగు ఆపరేషన్ల గాయాల్లో ఈ రెండూ, ఎంటరోకాకస్, ఎనరోబ్‌లు కలిసే వస్తాయి. బ్లడ్ అగార్ మీద అలలు అలలుగా ప్లేటంతా పాకితే ప్రోటియస్. అది కప్పేసిన దాని కింద స్టెఫైలోకాకస్ ఉండవచ్చు, మెకాంకీ మీద స్టెఫైలోకాకస్ పెరగదు, అందుకే మన్నిటాల్ సాల్ట్ అగార్ మీద మళ్లీ వేసి విడిగా తీయాలి.

మెకాంకీ మీద రంగు లేకుండా ఉండి, పచ్చటి రంగు అగార్‌లోకి దిగుతుంటే సూడోమోనాస్ ఎరుజినోసా. కాలిన గాయాల వార్డులో, ఐసీయూలో ఎక్కువ. పచ్చటి డ్రెస్సింగే దాన్ని ముందుగా పట్టిస్తుంది. ఆక్సిడేజ్ పరీక్షలో 10 సెకన్లలోపు ముదురు ఊదా రంగు రావాలి. నైక్రోమ్ లూప్ వాడకండి, ఆ లోహమే రంగు తెప్పిస్తుంది. ప్లాస్టిక్ లూప్ లేదా చెక్క పుల్ల వాడండి. రంగు లేని కాలనీ, ఆక్సిడేజ్ నెగటివ్, స్లైడ్ మీద పొట్టి జంటలు అయితే ఎసినెటోబాక్టర్ బౌమానీ.

సూడోమోనాస్ ద్రాక్షపండు వాసన వస్తుందని పాఠాల్లో చెబుతారు. అయినా ప్లేటు మూత తీసి వాసన చూడకండి. దానికో ముఖ్యమైన కారణం బర్క్‌హోల్డేరియా సూడోమాలై. మెలియాయిడోసిస్ తెచ్చే ఈ బ్యాక్టీరియా మట్టిలో, నిలవ నీళ్లలో ఉంటుంది. వరి మళ్లలో పనిచేసే షుగర్ రోగికి వానాకాలంలో మానని పుండు, కాలేయంలోనో ప్లీహంలోనో గడ్డ ఉందంటే దీన్ని గుర్తుంచుకోవాలి. ఆక్సిడేజ్ పాజిటివ్ కాబట్టి చాలా ల్యాబులు 'సూడోమోనాస్ జాతి' అని రాసి వదిలేస్తాయి. జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగకుండా, అమాక్సిసిలిన్–క్లావులనేట్‌కు లొంగితే అక్కడే ఆగండి. అసలు సూడోమోనాస్ ఎరుజినోసా ఆ మందుకు లొంగదు. రెండు మూడు రోజులు ఉంచితే కాలనీలు పొడిబారి ముడతలు పడతాయి. ప్లేటును సేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్చి, మెడికల్ కాలేజీ ల్యాబ్‌కి నిర్ధారణకు పంపండి. పేరు మారితే వైద్యమే మారిపోతుంది: కనీసం రెండు వారాలు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజక్షన్లు, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు.

డిస్కులు పెట్టేటప్పుడు

మందు ఉన్న డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలిచి, అది ఆ మందుకు లొంగుతుందో లేదో తేల్చే పరీక్ష ఇది. ముల్లర్–హింటన్ అగార్ మందం 4 మి.మీ. ఉండాలి. మందం ఎక్కువైతే వలయాలు చిన్నవై లొంగే బ్యాక్టీరియా కూడా రెసిస్టెంట్‌గా కనపడుతుంది, పలచబడితే దానికి ఎదురు జరుగుతుంది. రెండో తప్పే ప్రాణం మీదికి తెస్తుంది. కాలనీలను సెలైన్‌లో 0.5 మెక్‌ఫార్లండ్ మబ్బుకి సరిపోల్చండి. కంటి అంచనాతో కాదు, పక్కన స్టాండర్డ్ ట్యూబు పెట్టుకుని నల్లగీతల కార్డు ముందు చూడండి. 15 నిమిషాల్లో ప్లేటు మీద మూడు దిక్కులా పూసి, డిస్కులు అతికించి, మరో 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లో పెట్టండి. చిన్న ప్లేటు మీద ఐదుకు మించి డిస్కులు వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు సీసాను గది వేడిమికి వచ్చాకే తెరవండి. చల్లటి సీసా తెరిస్తే లోపల తేమ పట్టి, ముందుగా బీటా లాక్టం డిస్కులు బలం కోల్పోతాయి.

ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్) తేల్చడానికి 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్కు పెట్టండి. ఆరియస్‌కి వలయం 21 మి.మీ. లేదా అంతకంటే తక్కువైతే ఎంఆర్ఎస్ఏ, 22 లేదా ఎక్కువైతే కాదు. ఇంక్యుబేటర్ 35 డిగ్రీలు దాటకూడదు, వేడి ఎక్కువైతే కొన్ని ఎంఆర్ఎస్ఏలు లొంగేవాటిలా కనపడతాయి. ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ డిస్కులను 15 నుంచి 26 మి.మీ. దూరంలో పక్కపక్కన పెట్టండి. ఎరిత్రోమైసిన్ వైపు క్లిండామైసిన్ వలయం చదునుగా నొక్కుకుపోతే, వలయం ఎంత పెద్దగా ఉన్నా క్లిండామైసిన్ రెసిస్టెంట్ అనే రాయాలి.

స్టెఫైలోకాకస్‌కి వాంకోమైసిన్, గ్రామ్ నెగటివ్‌లకు కొలిస్టిన్ డిస్కులతో తేలవు. ఆ అణువులు పెద్దవి, అగార్‌లోకి సరిగా పాకవు. వీటికి బ్రాత్ మైక్రోడైల్యూషన్ కావాలి. ఆ సదుపాయం లేకపోతే డిస్కు పెట్టి 'సెన్సిటివ్' అని రాయడం కంటే ఆ వరుస ఖాళీగా వదిలి, కాలనీని పెద్ద ల్యాబ్‌కి పంపడం మంచిది.

వారానికోసారైనా ఏటీసీసీ 25923, 25922, 27853 కంట్రోల్ స్ట్రెయిన్లు (వలయం ఎంత రావాలో ముందే తెలిసిన బ్యాక్టీరియా) పెట్టి కొలవండి. వలయాలు హద్దులు దాటితే ఆ వారం రిపోర్టులన్నీ అనుమానంతో చూడాల్సిందే.

వార్డులో రిపోర్టు చదవడం

ముందు గ్రామ్ స్టెయిన్ వరుస చూడండి. స్లైడ్‌లో చీము కణాలతోపాటు కనపడ్డదే ప్లేటులోనూ పెరిగితే ఆ పేరుకి బలం ఉంది. స్లైడ్‌లో ఏమీ లేకుండా ప్లేటు మీద నాలుగు రకాలు కొద్దికొద్దిగా పెరిగితే అది దాదాపుగా శాంపిల్ లోపమే. నాలుగిటికీ నాలుగు మందులు రాయకండి.

కొన్ని జంటలు పుట్టుకతోనే కుదరవు. ఎంటరోకాకస్‌కి ఏ సెఫలోస్పోరిన్ అయినా, సూడోమోనాస్ ఎరుజినోసాకి సెఫ్ట్రియాక్సోన్, క్లెబ్సియెల్లాకి ఆంపిసిలిన్, ప్రోటియస్‌కి కొలిస్టిన్, ఎసినెటోబాక్టర్‌కి ఎర్టాపెనెమ్ పనిచేయవు. రిపోర్టులో వీటి ఎదురుగా 'ఎస్' (సెన్సిటివ్, అంటే లొంగుతుంది) కనపడితే మందు మొదలుపెట్టకుండా ల్యాబ్‌కి ఫోన్ చేయండి. బ్యాక్టీరియా పేరు తప్పో, డిస్కు తప్పో అయి ఉంటుంది.

వలయం పెద్దదిగా ఉన్న మందే మంచి మందు అని కూడా అనుకోకండి. ఒక్కో మందుకి ఒక్కో హద్దు, మిల్లీమీటర్లను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఆరియస్ మామూలుదని తేలితే సెఫజోలిన్, క్లాక్ససిలిన్‌లకు దిగండి. వాంకోమైసిన్ 'పెద్ద మందు' కదా అని కొనసాగిస్తే రోగికి నష్టమే, మామూలు ఆరియస్ మీద అది వాటికంటే బలహీనం.

పై పొరకే పరిమితమైన గాయానికి కుట్లు విప్పి చీము వదిలేయడమే అసలు వైద్యం. జ్వరం 38.5 డిగ్రీలు దాటినా, నాడి 110 దాటినా, ఎరుపు గాయం అంచు నుంచి 5 సెం.మీ. మించి పాకినా యాంటీబయాటిక్ అవసరం. ఇవేవీ లేకపోతే రిపోర్టులో ఎంత భయపెట్టే పేరున్నా డ్రెస్సింగే చాలు.

చీము ఉంది, 'నో గ్రోత్' వచ్చింది

ముందుగా యాంటీబయాటిక్ నడుస్తుండగా తీశారేమో చూడండి. స్లైడ్ నిండా బ్యాక్టీరియా ఉండి ప్లేటు మీద ఏమీ పెరగకపోతే ఎనరోబ్‌లు, వాటికి విడిగా కల్చర్ అడగండి. స్లైడూ ఖాళీ, ప్లేటూ ఖాళీ, చీము మాత్రం వారాల తరబడి కారుతోందంటే లాప్రోస్కోపీ చరిత్ర ఉందేమో అడగండి. పోర్టు (పరికరాలు లోపలికి పంపే గొట్టం) పెట్టిన చోట నాలుగు వారాలకో, ఇంకా ఆలస్యంగానో చిన్న గడ్డ కట్టి, పలచటి నీరులాంటి చీము కారుతూ, ఏ మందుకూ తగ్గకపోతే మైకోబాక్టీరియం ఫోర్టుయిటం, మైకోబాక్టీరియం అబ్‌సెసస్ వంటివి అనుమానించాలి. కండ ముక్క తీసి జీల్–నీల్సన్ స్టెయిన్ చేయించండి, బ్లడ్ అగార్ ప్లేటును 7 రోజులు ఉంచమని ఫారంలో రాయండి. రెండు రోజులకు పారేసే ప్లేటులో ఇవి దొరకవు. స్లైడ్‌లో ఎర్ర కడ్డీలు కనపడగానే టీబీ కోర్సు మొదలుపెట్టకండి. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ వీటి మీద పనిచేయవు. జాతిని తేల్చుకుని క్లారిత్రోమైసిన్, అమికాసిన్ వంటివాటి సెన్సిటివిటీ చూసి ఇవ్వాలి.

ఇది ఒక్క రోగితో ఆగే సంగతి కాదు. ఈ బ్యాక్టీరియా కుళాయి నీళ్లలో ఉంటుంది. పోర్టులను సరిగా విప్పి కడగకుండా గ్లూటరాల్డిహైడ్‌లో కాసేపు ముంచి, మామూలు నీళ్లతో కడిగి వాడే ఓటీల నుంచి ఇది వస్తుంది. ఆటోక్లేవ్‌కి తట్టుకునే భాగాలన్నీ ఆటోక్లేవ్‌లోకే వెళ్లాలి. తట్టుకోనివాటిని కడిగే నీళ్లు స్టెరైల్‌వి అయి ఉండాలి.

ఒకే వార్డులో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే

ల్యాబ్ రిజిస్టర్‌లో వార్డు, బ్యాక్టీరియా, సెన్సిటివిటీ పక్కపక్క గడుల్లో ఉండేలా రాసుకోండి. వారానికోసారి కిందికి చదివితే చాలు. ఒకే వార్డులో ఒకే రకం సెన్సిటివిటీతో సూడోమోనాస్ ముగ్గురికి వచ్చిందంటే తడిగా ఉండే వస్తువులు వెతకాలి: డ్రెస్సింగ్ ట్రాలీ మీద పొద్దున తెరిచి సాయంత్రం దాకా వాడుతున్న సెలైన్ సీసా, ఖాళీ కాకముందే మళ్లీ మళ్లీ నింపుతున్న యాంటీసెప్టిక్ సీసా, సింకు చుట్టూ చిందే నీళ్లు. సెలైన్‌లో బ్యాక్టీరియాను ఆపేది ఏదీ లేదు, మూత తీసిన సీసాలో సాయంత్రానికి లక్షలు పెరగగలవు. 100 మి.లీ. సీసాలు తెప్పించి, ఒక రోగికి ఒకటి వాడి, మిగిలింది పారబోయండి. పలచన చేసిన యాంటీసెప్టిక్‌లోనూ సూడోమోనాస్ బతుకుతుంది. సీసాను ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, తేదీ రాసిన లేబుల్‌తోనే మళ్లీ నింపాలి.

ఎంఆర్ఎస్ఏ వరుసగా వస్తుంటే మొదట చేతులు చూడాలి: ప్రతి రోగికి ముందూ తర్వాతా ఆల్కహాల్ హ్యాండ్ రబ్ 20 నుంచి 30 సెకన్లు, ప్రతి మంచం దగ్గరా సీసా. చీము గాయాల డ్రెస్సింగ్‌లు రౌండులో చివరికి పెట్టుకోండి. ఎసినెటోబాక్టర్ అయితే మంచం పట్టీలు, మానిటర్ తీగలు, బీపీ కఫ్‌లు, సక్షన్ గొట్టాలు తుడిపించండి. ఎండిన చోట్ల వారాల తరబడి బతికేది అదే. అనుమానం ఉన్న సీసా నుంచి 10 మి.లీ. ల్యాబ్‌కి పంపేటప్పుడు, దాన్ని పారేయకముందే పంపండి, ఫారం మీద ఏ ట్రాలీదో, ఏ రోజు తెరిచిందో రాయండి.